పద్నాలుగు సూదులు, ఓ పటిక బిళ్ళ

నన్ను కుక్క కరిచింది 1977 వేసవి సెలవుల్లో. పెదవాల్తేరులో మా సందు మొదట్లో ఓ గోధుమరంగు కుక్క ఈనింది. పిల్లల్ని దగ్గర్నుంచి చూద్దామని వంగాను. తప్పు నాదే. పిక్క పట్టుకుంది. మామ్మ కారం అద్దడానికి పరుగెత్తుకొచ్చింది. నాన్న ఆపి, కుళాయి కింద సబ్బుతో కడిగి, సైకిలు ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కాగితాల మీద కింగ్ జార్జి ఆసుపత్రి అని ఉంటుంది గానీ మా ఇంట్లో ఎవరూ అలా అనేవారు కాదు.

అక్కణ్ణుంచి వరసగా పద్నాలుగు రోజులు, పొద్దున్నే, బొడ్డు చుట్టూ సూది. ఒకరోజు కుడిపక్క, ఒకరోజు ఎడంపక్క. కేజీహెచ్ డౌను ఎక్కేటప్పుడు నాన్న సైకిలు దిగి నడిపించేవారు, నేను మాత్రం కడ్డీ మీదే. తిరుగుదారిలో సముద్రం కనబడే మలుపు దగ్గర ఆగి ఓ పిప్పరమెంటు కొనిపెట్టేవారు. ఐదో రోజుకి పొట్టంతా గట్టిపడి గౌను తగిలినా ఏడుపొచ్చేది. ఎనిమిదో రోజున కాంపౌండరు గారిని అడిగాను, "పద్నాలుగే ఎందుకు? పది చాలవా?" అని.

"దానికో లెక్కుందిలే పాపా" అన్నాడాయన. ఆ లెక్కేమిటో చెప్పలేదు. నాకు తెలిసేసరికి పాతికేళ్ళు దాటాయి.

ఈమధ్య ఉద్యోగం మానేసి విశాఖకి వచ్చేశాక, ఏ కాలేజీవాళ్ళు మాట్లాడ్డానికి పిలిచినా ఒకటే ప్రశ్న. "మేడమ్, ప్రొటీన్ల ఆకారాలు చూసుకునే మీరు టీకాల్లోకి ఎలా వచ్చారు? మీకు ప్రేరణ ఏమిటి?" మైకు ముందు కుక్క కథ చెప్పేస్తాను, చప్పట్లు కూడా పడతాయి. అసలు ప్రేరణ గోదావరి ఎక్స్‌ప్రెస్. ఆ సంగతి తర్వాత చెప్తాను, ముందు పటిక గురించి చెప్పాలి.

మా ఇంట్లో పటిక బిళ్ళ లేని రోజు లేదు. వానాకాలంలో కుళాయి నీళ్ళు టీ రంగులో వచ్చేవి. మామ్మ ఇత్తడి బిందెలో నీళ్ళు పట్టి, పటిక బిళ్ళని చేత్తో పట్టుకుని నాలుగు చుట్లు తిప్పి, మూత పెట్టి, "ఎవరూ కదపకండర్రా" అనేది. గంటయ్యేసరికి పైన తేట, అడుగున బురద. మూత తీసి చూడ్డం నాకు పెద్ద సరదా. ఏదీ వడగట్టలేదు, మరగబెట్టలేదు, మరి బురదకి కిందకి దిగమని ఎవరు చెప్పారు? మామ్మని అడిగితే "పటిక చెప్పింది" అనేది. శాస్త్రం చదివిన తర్వాత కూడా నేను ఇంతకంటే బాగా చెప్పలేకపోయాను.

తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారు వేడినీళ్ళలో పటిక కరిగినంత కరిగించి, దారానికి చిన్న పలుకు కట్టి వేలాడదీయమన్నారు. నేను ఖాళీ సిరా సీసాలో పెట్టి కిటికీలో ఉంచాను. మా ఊరి గాలి సంగతి తెలిసిందే కదా, ఆరేసిన బట్టలే ఆరవు, సీసాలో నీళ్ళేం ఆవిరవుతాయి! వారంలో రావలసింది నాకు మూడు వారాలు పట్టింది. క్లాసులో అందరికీ బొరుగుల్లాంటి గుత్తులు వచ్చాయి. నాకొక్కదానికే ఎనిమిది ముఖాలతో, అద్దంలాంటి స్ఫటికం వచ్చింది. నెమ్మదిగా పెరిగింది కాబట్టే అలా వచ్చిందని మాస్టారన్నారు. ఆ స్ఫటికాన్ని అగ్గిపెట్టెలో దూది వేసి దాచాను, పదేళ్ళున్నట్టుంది. తర్వాత ఎవరో నీళ్ళలో వేసేసి ఉంటారు.

1988లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్సులో చేరాను. స్ఫటికాల సౌష్ఠవాన్ని గణితంతో పట్టుకునే పని సూరి భగవంతం గారు ఇక్కడే ఆచార్యులుగా ఉన్న రోజుల్లో చేశారు. ఆ పేరు మా మేస్టర్ల నోట రోజుకోసారైనా వినబడేది. స్ఫటికంలోంచి ఎక్స్‌రేలు పంపితే ఫిల్ము మీద పడే గీతల్ని బట్టి లోపల అణువులు ఎలా పేర్చుకున్నాయో తెలుస్తుంది. ఆ ఫిల్ము డార్క్‌రూములో కడిగి, తడి ఆరకుండానే వరండాలోకి తెచ్చి వెలుతురుకి పట్టి చూసేవాళ్ళం. అవతల సముద్రం, చేతిలో నల్లటి గీతల ఫిల్ము. ఏ గీత ఏ అణువుల వరసదో లెక్కగట్టడం ముగ్గు చూసి చుక్కలెన్నో చెప్పడంలా ఉండేది.

ముగ్గంటే గుర్తొచ్చింది. స్ఫటికంలో అణువులు పేర్చుకోవడానికి మొత్తం 230 రకాల అమరికలున్నాయి, అంతకు మించి కుదరవు. అందులో ప్రొటీన్లకి చెల్లేవి 65 మాత్రమే. ప్రొటీన్లది ఒంటిచేతి వాటం, వాటికి అద్దంలో ప్రతిబింబం సరిపడదు. మా అమ్మ సంక్రాంతికి వేసే మెలికల ముగ్గుల్లో కొన్ని ఇలాగే ఉండేవి. తిప్పితే సరిపోతాయి, మధ్యలో అద్దం పెడితే సరిపోవు. ఈ మాట అమ్మతో చెప్పి, ఇది ఫలానా అమరిక అని పేరు కూడా పెట్టాను. "ముగ్గు తొక్కకుండా అవతలికి నడు" అంది.

1990లో పరిశోధనకని బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకి వెళ్ళాను. జి.ఎన్. రామచంద్రన్ గారు పెట్టిన విభాగం అది. నేను వెళ్ళేసరికి ఆయన అక్కడ లేరు గానీ ఆయన గీసిన పటం ఉంది. 1963లో మద్రాసులో ఉండగా ఆయన, సహచరులు వేసిన పటం. ప్రొటీన్ గొలుసు ఎక్కడ ఎంత మెలితిరగగలదో, ఎక్కడ తిరిగితే అణువులు ఒకదానికొకటి కొట్టుకుంటాయో లెక్క కట్టి చూపించారు. కంప్యూటర్లు ఇంకా అందరికీ అందని కాలం. ప్రపంచంలో ఎవరు ప్రొటీన్ నిర్మాణం కట్టినా ఈనాటికీ ఆ పటం మీద పెట్టి సరిచూసుకోవాల్సిందే. అందులో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం అందరికంటే బిగుసుకుపోయిన మనిషి. దాని పక్కగొలుసు తిరిగొచ్చి వెన్నుకే అతుక్కుని ఉంటుంది కాబట్టి అది మెలితిరగలేదు. మెలికలు తిరిగే చోట ప్రోలిన్ పెడితే గొలుసు మొరాయిస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

నాకిచ్చిన ప్రొటీన్ చిక్కుడు జాతి గింజలోది, లెక్టిన్ అంటారు. చక్కెరల్ని పట్టుకుంటుంది. గింజలు కిలోలకొద్దీ నానబెట్టి, రుబ్బి, వడగట్టి, అందులోంచి చిటికెడంత తీయాలి. ఇంటికి ఉత్తరం రాస్తే అమ్మ జవాబు రాసింది, "పప్పు రుబ్బడానికి బెంగుళూరు దాకా ఎందుకే, ఇక్కడ రోలు ఖాళీగానే ఉంది" అని.

పనంతా నాలుగు డిగ్రీల గదిలో. జన్మలో స్వెట్టరు తొడగని వాల్తేరు పిల్లని, మంకీ టోపీ కూడా కొన్నాను. గాజు పలక మీద ప్రొటీన్ చుక్క వేసి, ఉప్పు ద్రావణం ఉన్న గుంట మీద తలకిందులుగా బోర్లించి, అంచులకి గ్రీజు రాసి వదిలేయాలి. చుక్కలోంచి నీరు మెల్లమెల్లగా గుంటలోకి పోతుంది, ప్రొటీన్ చిక్కబడుతుంది, అదృష్టముంటే స్ఫటికమవుతుంది. నాకు పద్నాలుగు నెలలు ముద్దలే వచ్చాయి. పద్నాలుగు నాకు అచ్చొచ్చిన అంకె కాబోలు. ఒక సోమవారం పొద్దున మైక్రోస్కోపులో చూస్తే, చుక్క నడుమ ఆవగింజలో పావు వంతు లేదు, నిగనిగలాడుతూ అంచులు తీరి కూచుంది. సిరా సీసా స్ఫటికం గుర్తొచ్చింది. ఎవరినీ పిలవలేదు. కాసేపు నేనొక్కదాన్నే చూసుకున్నాను.

మా విభాగంలోనే విజయన్ గారు ఉండేవారు. ఆక్స్‌ఫర్డులో డొరొతీ హాడ్జ్‌కిన్ దగ్గర ఇన్సులిన్ మీద పనిచేసి వచ్చి, మనదేశంలో ప్రొటీన్ స్ఫటికాల పనికి నారు పోసిన మనిషి. 1994లో ఆయన బృందం వేరుశనగ లెక్టిన్ నిర్మాణం అచ్చువేసింది. నాలుగు ముక్కలు కలిసిన ప్రొటీన్‌కి ఉండి తీరాలనుకునే సౌష్ఠవం దానికి లేదు. ఆ వారమంతా హాస్టల్లో పల్లీలు కొనుక్కుని, ఒక్కోటి ఒలుస్తూ దాని గురించే మాట్లాడుకున్నాం. దానివల్ల ఎవరి రోగమైనా తగ్గిందా? లేదు. ఆ ప్రశ్న మాకెవరికీ తట్టనైనా లేదు.

ఆ ప్రశ్న వేసింది మా ఇంటికి చేపలు తెచ్చే జాలరిపేట ముసలమ్మ. సెలవులకి వచ్చినప్పుడు గంప దించి, "ఏటి సదూతున్నావమ్మా ఇన్నేళ్ళు?" అంది. గింజల్లో ఉండే ఒక పదార్థం ఎలా ఉంటుందో చూస్తున్నానన్నాను. "సూసి?" అంది. చూసి, అంతే. కాసేపు నా మొహంలోకి చూసి, "సరే, వంజరాలు తీసుకోండి, తాజావి" అని అమ్మవైపు తిరిగింది.

ఆ తర్వాత ఇంగ్లండులో ఆరేళ్ళున్నాను. చెప్పుకోవడానికి అందులో పెద్దగా ఏం లేదు. డేర్స్‌బరీలో సింక్రొట్రాన్ అనే, బాగా బలమైన ఎక్స్‌రేలిచ్చే పెద్ద యంత్రం దగ్గర రాత్రి షిఫ్టులు, చల్లటి శాండ్‌విచ్‌లు, ద్రవ నైట్రోజన్‌లో స్ఫటికాలు. బెంగుళూరులో వారం పట్టే కొలతలు అక్కడ గంటల్లో అయిపోయేవి. నాలుగు ప్రొటీన్ల నిర్మాణాలు పూర్తిచేసి ప్రపంచమంతా చూసే ప్రొటీన్ డేటా బ్యాంకులో పెట్టాను. 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైన బ్యాంకు అది. అందులో నావి నాలుగని నాన్న పోర్టు ఆఫీసులో అందరికీ చెప్పుకున్నారట, బ్యాంకులో నాలుగు ఖాతాలున్నట్టుగా.

2003 ఫిబ్రవరిలో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మాట పోయాయి. నేనొక్కతే కూతుర్ని. వచ్చేశాను. విశాఖలో నా పనికి చోటు దొరకలేదు. బెంగుళూరుకి పోతే వారం వారం రాలేను. హైదరాబాదైతే శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విశాఖ. ఆదివారం రాత్రి మళ్ళీ ఎక్కితే సోమవారం పనిలోకి దిగొచ్చు. హైదరాబాదులో ప్రొటీన్లు తెలిసిన మనిషి కావాలన్నది ఒకే ఒక్కళ్ళు, టీకాల కంపెనీ. దేశసేవా లేదు, కుక్కకాటూ లేదు. ఇదీ నా ప్రేరణ.

ఇంటర్వ్యూలో పెద్దాయన నా కాగితాలు తిరగేసి, "మీ చదువుకి తగ్గ పని మా దగ్గర లేదమ్మా" అన్నారు. "ప్రొటీన్ ఫోటో మాకక్కర్లేదు. అది రెండు మూడేళ్ళపాటు సీసాలో చెడిపోకుండా ఉండాలి. చూస్తారా?" అన్నారు. జీతం ఎంతని కూడా అడక్కుండా సరేనన్నాను. తర్వాత చాలాసార్లు ఆ తొందరపాటుకి నన్ను నేను తిట్టుకున్నాను.

అక్కడ హెపటైటిస్ బి టీకా తయారయ్యేది. వైరస్ పై తొడుగులోని ఒక్క ప్రొటీన్‌ని ఈస్టుచేత చేయిస్తారు. అవి వాటంతటవే గుమిగూడి 22 నానోమీటర్ల ఉండలు కట్టుకుంటాయి. ఒంటికి అవి వైరస్ లాగే కనబడతాయి, లోపల మాత్రం ఏమీ లేదు, ఖాళీ. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు దీన్ని మనదేశంలో తయారుచేసి చూపించాకే ఆ టీకా ధర మామూలు మనుషులకి అందేలా దిగింది. ఆ ఉండల అందం చూసి నేను మురిసిపోతుంటే, పక్కన కుర్రాళ్ళు ఈస్టు పెంచే ఫెర్మెంటరు దగ్గర గంటగంటకీ అంకెలు రాసుకుంటూ ఉండేవారు. అక్కడి సూత్రం ఒకటే, రాయకపోతే చేయనట్టే. పెన్ను కొట్టివేతకి కూడా సంతకం, తేదీ పెట్టాలి. ఒక మిల్లీగ్రాము ప్రొటీన్ దొరికితే పండగ చేసుకున్నదాన్ని, ఇక్కడ ఒక్క బ్యాచి అంటే లక్షల డోసులు.

చేరిన మొదటి నెలలోనే ఘనకార్యం చేశాను. శుక్రవారం ఊరికి బయల్దేరే హడావుడిలో, పరీక్షకి తెచ్చిన సీసాలు మైనస్ ఇరవై ఫ్రీజరులో పెట్టాను. స్ఫటికాల వాళ్ళకి ఎంత చల్లగా ఉంచితే అంత మంచిదని నమ్మకం. సోమవారం పెద్దాయన చూశారు. కోప్పడలేదు. గడ్డకట్టిన సీసాని కరగనిచ్చి, మామూలు సీసా ఇంకోటి పక్కన పెట్టి, రెండూ బాగా ఊపి, బల్ల మీద నిలబెట్టి, "చూస్తూ ఉండండి" అన్నారు.

చూశాను. మంచి సీసా పాలలా తెల్లగా అలాగే ఉంది. నేను గడ్డకట్టించిన సీసాలో తెలుపంతా కిందకి దిగిపోతోంది. కాసేపటికి పైన తేట, అడుగున మడ్డి.

మామ్మ బిందె!

ఆ తెలుపు అల్యూమినియం హైడ్రాక్సైడు, పటికకి దగ్గర చుట్టం. ప్రొటీన్ ఉండలు దాని రేణువుల మీద అంటుకుని ఉంటాయి. ఒట్టి ప్రొటీన్ ఇస్తే ఒళ్ళు అంతగా పట్టించుకోదు. దీంతో కలిపి ఇస్తే లేచి చూస్తుంది. 1926లో గ్లెన్నీ అనే ఇంగ్లండు ఆయన డిఫ్తీరియా టీకాని అచ్చంగా పటికతోనే కలిపి చూస్తే బాగా పనిచేసిందని తేల్చాడు. మా ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది కూడా ఆ ఏడే. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు, నాకు చెప్పుకోవడం ఇష్టం, అంతే. గడ్డకడితే ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి దిగిపోతాయి, ఇక ఆ టీకా పనికిరాదు. ఎక్కడైనా అనుమానమొస్తే ఇలాగే ఊపి చూస్తారు, షేక్ టెస్టు అంటారు. బిందెలో దిగితే మంచిది, సీసాలో దిగితే చెడ్డది. లక్షలు పోసి కొన్న యంత్రాలు నాకు నేర్పనిది ఆ ఊపుడు నేర్పింది.

ఆ కంపెనీలో నాకంటే పెద్దాయన ఒకరు, వెనకటి రోజుల్లో కుక్కకాటు టీకా తయారుచేసేచోట పనిచేశారు. భోజనాల దగ్గర ఆయన్నడిగాను, పద్నాలుగు లెక్కేమిటని. ఆయన అన్నం తింటూనే చెప్పారు, నేను ముద్ద వదిలేశాను. గొర్రె మెదడులో వైరస్ పెంచి, ఆ మెదడుని మెత్తగా చేసి, ఫినాల్ కలిపి వైరస్‌ని చంపి ఇచ్చేవారట. 1911లో కసౌలీలో సెంపుల్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి. అందులో ఎక్కువ భాగం మెదడు, తక్కువ భాగం మందు. బలం చాలదు కాబట్టి రోజూ పొడవాలి. అంతకంటే పెద్ద గొడవ, గొర్రె నరాల పొర మన నరాల పొర లాగే ఉంటుంది. దాని మీదకి లేచిన ఒళ్ళు ఒక్కోసారి తన నరాల మీదకే తిరగబడేది, కొందరికి కాళ్ళూ చేతులూ పడిపోయేవి. నాకలా కాలేదు. మనదేశంలో ఆ టీకాని 2004తో ఆపేశారు. ఆ రాత్రి గోదావరిలో పై బెర్తు మీద పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని చాలాసేపు మేలుకునే ఉన్నాను.

2008లో అనుకుంటాను, పాడేరు వైపు ఏజెన్సీలో టీకాలు ఊళ్ళోకి ఎలా చేరుతున్నాయో చూడ్డానికి వెళ్ళాను. జీపు దిగాక ఐదు కిలోమీటర్లు నడక. ఏఎన్ఎమ్ శ్రీకాకుళం మనిషి, భుజాన నీలం డబ్బా, చెప్పులు చేతిలో. పొద్దున్నే ఆవిడ ఫ్రీజరులోంచి ఐసుప్యాకులు తీసి బల్ల మీద పరిచి, వాటినలా వదిలేసి టీ తాగుతోంది. డబ్బాలో పెట్టరేమని అడిగాను.

"బిర్రుగా ఉన్నప్పుడు పెట్టకూడదు మేడమ్" అంది. ఒకటి తీసి నా చెవి దగ్గర ఊపింది. "ఏటైనా ఇనబడుతుందా?"

"లేదు."

"అదే మరి. నోపల నీల్లు గలగలనాల. అప్పుడు పెట్టాల. నేకపోతే పిల్లల మందు గడ్డకట్టీదా?"

నేను రెండేళ్ళు కూచుని రాసిన రిపోర్టు సారాంశం అదే. ఇంకో కప్పు టీ తాగి, ఆ గలగల కోసం ఇద్దరం ఎదురుచూశాం. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆవిడ కాళ్ళకి జెలగలు పట్టి ఉన్నాయి, అగ్గిపుల్ల వెలిగించి ఒక్కోటి తీసింది. ఇప్పటికీ టీకా పరిశోధన అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ చప్పుడే. స్ఫటికాల వాళ్ళకి ఈ మాట నచ్చదు, తెలుసు.

2011లో నాన్న పోయారు. గోదావరి ప్రయాణాలు తగ్గాయి.

ఆకారాలు నన్ను వదిలేశాయనుకుంటుండగా 2013లో తిరిగొచ్చాయి. చంటిపిల్లల ఊపిరితిత్తుల్ని పట్టే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ ఉంది. 1966లో అమెరికాలో దానికి ఫార్మలిన్‌తో చంపిన టీకా వేసి చూస్తే, వేయించుకున్న పిల్లలకే జబ్బు ముదిరి, ఇద్దరు చనిపోయారు. దాంతో నలభై ఏళ్ళకి పైగా ఆ జోలికి వెళ్ళాలంటేనే భయం. 2013లో మెక్‌లెల్లన్, గ్రాహం, క్వాంగ్‌ల బృందం ఆ వైరస్ ప్రొటీన్‌ని, అది కణంలోకి చొరబడక ముందు ఉండే ఆకారంలో పట్టుకుని, ఎక్స్‌రేలతో చూసింది.

దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు జాలరిపేట చాలు. విసురు వల చూశారా? భుజం మీద మడతలు పెట్టుకుని, అంచు మోచేతికి వేసుకుని, ఇంకో అంచు పళ్ళతో పట్టుకుని నిలబడతాడు మనిషి. అదొక ఆకారం. విసిరాక గుండ్రంగా విచ్చుకుని నీళ్ళలో మునుగుతుంది. అది వేరే ఆకారం. వైరస్ ప్రొటీన్ కూడా అంతే. కణం తగలగానే విచ్చుకుని రూపం మార్చేస్తుంది, ఇక వెనక్కి రాదు. వల విసిరే చేతిని ఆపాలంటే భుజం మీద వల ఉన్న మనిషిని గుర్తుపట్టాలి. 1966 టీకాలో ఉన్నవన్నీ అప్పటికే విసిరేసిన వలలు. ఒంటికి తప్పు బొమ్మ చూపించి, ఇతన్ని పట్టుకో అన్నారు. కొత్తవాళ్ళు చేసిందేమిటంటే, ప్రొటీన్‌కి అక్కడక్కడ కుట్లు వేసి, వలని భుజం మీదే బిగించేశారు. ఆ దారిన నడిచే 2023లో ఆర్‌ఎస్‌వీకి టీకాలు వచ్చాయి.

ఆ పేపరు నేను మూడుసార్లు చదివాను. చూసి ఏం చేస్తావన్న ముసలమ్మకి ఇరవై ఏళ్ళ తర్వాత జవాబు దొరికింది. అప్పటికి ఆవిడ లేదు. కొడుకు జాలరిపేటలోనే ఉన్నాడు, బండి మీద చేపలమ్ముతాడు. అతనికి చెప్పబోయాను. "వల సంగతి మాకు సెప్తారేటండి" అని నవ్వాడు.

2020 సంక్రాంతికి ఇంట్లో ఉన్నాను. అమ్మ అరిసెల పాకం పడుతోంది, నేను పక్కన కంప్యూటరు పెట్టుకుని కూచున్నాను. భోగికి రెండు మూడు రోజుల ముందే చైనా నుంచి కొత్త వైరస్ జన్యుక్రమం బయటికొచ్చింది. ఫిబ్రవరిలో దాని స్పైకు ప్రొటీన్ నిర్మాణం అచ్చయింది, మళ్ళీ మెక్‌లెల్లన్, గ్రాహం బృందాలే. అది కదలకుండా ఉండటానికి 986, 987 స్థానాల్లో రెండు ప్రోలిన్లు పెట్టారు. ఈ కిటుకు అంతకుముందే దాని చుట్టమైన మెర్స్ వైరస్ మీద చేసి ఉంచుకున్నారు. ప్రోలిన్! బిగుసుకుపోయిన ఆ మనిషే. విచ్చుకోబోయే మడత దగ్గర రెండు పెడితే గొలుసు మెలితిరగలేక, వల భుజం మీదే ఉండిపోయింది. రామచంద్రన్ గారి పటంలో ప్రోలిన్‌కి దక్కిన ఆ సన్నటి పట్టీని బెంగుళూరు చలిగదిలో బట్టీపట్టిన రోజులు గుర్తొచ్చి, గట్టిగా ఏదో అన్నాను. అమ్మ ఉలిక్కిపడింది.

ఫైజరు, మొడెర్నా టీకాల్లో ఆ రెండు ప్రోలిన్లూ ఉన్నాయి. మన దగ్గర ఎక్కువమంది వేసుకున్న కోవిషీల్డులో లేవు. అందులో స్పైకు ఉన్నదున్నట్టే ఉంటుంది, అయినా కోట్లమందిని కాపాడింది. ఆకారమే సర్వస్వమని వాదించే మావాళ్ళకి నేను ఈ సంగతి గుర్తుచేస్తుంటాను. వాళ్ళు ఒప్పుకోరు, లెక్కలు చూపిస్తారు, అవీ నిజమే. ఆ రెండేళ్ళూ నేను చేసింది చాలా చిన్న పని. ఏ వేడికి ఎన్ని రోజులు నిలుస్తుందో చూసే పరీక్షలు. రాయడం, సంతకం, తేదీ.

2021 మార్చిలో అరవై దాటినవాళ్ళకి మొదలుపెట్టారు. అమ్మని తీసుకెళ్ళాను. వరసలో కుర్చీల మీద కూచుని ప్రోలిన్ల కథంతా చెప్పాను. శ్రద్ధగా వింది.

"అయితే నాకేసేదాంట్లో అవి ఉంటాయా?"

"ఉండవమ్మా. నీది కోవిషీల్డు."

"మరి నాకెందుకే చెప్తున్నావు ఇంతసేపూ!"

పక్క కుర్చీలో మేస్టారొకాయన నవ్వు ఆపుకోలేక మాస్కు సర్దుకున్నారు.

కిందటి నెల మా సందులో పక్కింటివాళ్ళ మనవణ్ణి కుక్క కరిచింది. పిల్లాడికి ఎనిమిదేళ్ళు. నేను చేరుకునేసరికి వాళ్ళమ్మ కంగారుగా పసుపు డబ్బా పట్టుకుని ఉంది. డబ్బా లాక్కుని, కుళాయి కింద పావుగంట సబ్బుతో కడిగించాను. పెద్దాసుపత్రికి కూడా వెళ్ళాను. డౌను ఎక్కడానికి ఇప్పుడు ఆటో ఉంది. రెండు చేతులకీ చర్మం కిందే చెరో చుక్క వేశారు, శనగగింజంత పొంగింది. మళ్ళీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు రమ్మని కార్డు రాసిచ్చారు.

"నాలుగుసార్లా!" అని ఏడుపు మొదలెట్టాడు.

"నాకు పద్నాలుగు, తెలుసా" అన్నాను. "బొడ్డు చుట్టూ."

ఏడుపు ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "మామ్మగారూ, అబద్ధాలు చెప్పకండి" అన్నాడు. మామ్మగారంటే నేనే. గొర్రె మెదడు సంగతి కూడా నోటిదాకా వచ్చింది గానీ, వాళ్ళమ్మ చూపు చూసి మింగేశాను.

ఇంటి దగ్గర ఆటో దిగగానే వాడు మెడ సాచి సందు మొదలుకేసి చూశాడు. "మరి దానికీ వేస్తారా?"

"వెయ్యాలి" అన్నాను.

"ఎన్ని?"

ఏడాదికోటి అంటే, "ఒకటేనా!" అని అన్యాయం జరిగినవాడిలా కార్డు వైపు చూసుకుంటూ లోపలికి వెళ్ళాడు.